మూడు వేల నూట పదహార్లు, పన్నులు అదనం

వృత్తి అనుభవాలు రాసేవాళ్లకు సాధారణంగా అరవై దాటి ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటాయి, మొదటి పేజీలో తల్లిదండ్రులకు పాదాభివందనం ఉంటుంది. నాకు ముప్పై నాలుగు. మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఈ రాత సంగతి మా అమ్మానాన్నలకు తెలియదు. తెలిస్తే, రాసే తీరిక ఉంటే ఉద్యోగం వెతుక్కోమంటారు.

అయినా నేను రిటైరైనవాణ్ణే. మద్రాసులో మౌంట్ రోడ్డు పక్క సందులో, మందుల షాపు పైన ఉండే ఒక చిన్న ప్రకటనల ఏజెన్సీలో పదేళ్లు తెలుగు కాపీ రాశాను. నేను రాజీనామా ఇవ్వలేదు, వాళ్లు తీసెయ్యనూ లేదు. ఒక సోమవారం వెళ్తే తలుపుకి తాళం ఉంది. కాసేపు నిలబడి ఇంటికొచ్చేశాను. వీడ్కోలు సభ జరగలేదు కాబట్టి నా గురించి నాలుగు మంచి అబద్ధాలు చెప్పే అవకాశం ఎవరికీ రాలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, "అన్నా, మంచి కాపీ ఎలా రాయాలి?" అని అడుగుతుంటారు. పదేళ్లలో నేను రాసిన వాక్యాలు ఎవరికైనా గుర్తున్నాయేమోనని చాలామందిని అడిగి చూశాను. మా ఆవిడతో సహా ఎవరికీ లేవు. ప్రకటనలో జనం గుర్తుపెట్టుకునేది ఒక్క అంకె, ధర. ఆ ఒక్కటే మేం సరిగ్గా రాసేవాళ్లం కాదు. కాబట్టి దాని గురించే చెబుతాను. అర్థమయ్యేలా చెబుతానని మాత్రం మాటివ్వను, ఎందుకంటే నాకే ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

మా బాసు, ఆయన భూతద్దం

మా బాసు పేరు వరదన్. తిరువల్లికేణి తమిళుడు, నుదుటి మీద సన్నని నామం, జేబులో రెండు పెన్నులు, నోట్లో ఎప్పుడూ ఒక వక్కపలుకు. తెలుగు ఆయనకు అర్థమవుతుంది, మాట్లాడితే మనకు అర్థం కాదు. చేరిన మొదటి రోజే నాకొక సూత్రం చెప్పారు: "ఇదో పారప్పా, చూడు, నచ్చే సంగతి కళ్లకి. నచ్చని సంగతి భూతద్దానికి."

అంటే ధర పెద్దగా వెయ్యాలి, ధర పక్కన ఒక నక్షత్రపు చుక్క పెట్టాలి, ఆ చుక్క తాలూకు షరతు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వెయ్యాలి. ఆ షరతు నూటికి తొంభైసార్లు "స్థానిక పన్నులు అదనం" అనే మాటే. సబ్బుల మీదా బిస్కెట్ల మీదా అప్పటికే అన్ని పన్నులూ కలిపిన ధర అచ్చువేసేవారు. రెండు రూపాయల బిస్కెట్ పొట్లానికి ఉన్న ఆ మర్యాద మూడు వేల రూపాయల వస్తువు ప్రకటనకు ఉండేది కాదు. ఎందుకని నేను అడగలేదు. ఎవరూ అడగలేదు. అందరూ అలాగే వేస్తున్నారు, మేమూ వేశాం.

ఈ విషయంలో నా అజ్ఞానం ఎంతటిదో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక స్కూటర్ల డీలరు ప్రకటనలో ఇంగ్లీషులో "ఎక్స్-షోరూమ్ ధర" అని ఉంటే, దాన్ని "షోరూమ్ బయటి ధర" అని తెలుగు చేశాను. మర్నాడు నెల్లూరు నుంచి ఒక పెద్దాయన వచ్చి, స్కూటర్ని బయటికి తోసుకొస్తే ఆ ధరకే ఇవ్వాలని గుమ్మం బయటే నిలబడ్డాడట. డీలరు మా బాసుకి ఫోన్ చేసి అరిచాడు. మా బాసు నా వైపు తిరిగి, "నువ్వు రాసింది తప్పా?" అని అడిగారు. ఏమో అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "నాకూ తెరియలే," అన్నారు. అక్కడితో విచారణ ముగిసింది.

నూట పదహార్లు

ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నైగా మారిన కొత్తల్లో మాకొక క్లయింటు ఉండేవారు. దొరస్వామి నాయుడుగారు. జార్జి టౌన్‌లో, చేతిబండ్లు ఒకదాన్నొకటి తిట్టుకుంటూ వెళ్లే ఒక ఇరుకు వీధిలో, పిండి రుబ్బే గ్రైండర్ల కొట్టు. తాతల నాడు చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం, కోపంలో రెండూ.

ఆషాఢమాసం అంటే మన వైపు కొత్త వస్తువు కొనరు. తమిళులకూ ఆడి నెలలో కొనడం ఇష్టం ఉండదు. అందుకే చెన్నైలో వ్యాపారులంతా ఆ నెలలోనే తగ్గింపు పెడతారు. వద్దనుకున్న నెలలోనే వీధులన్నీ కిటకిటలాడతాయి. దీన్ని వివరించమని నన్ను అడక్కండి.

ఆ ఆడి తగ్గింపుకి నాయుడుగారు తెలుగు పత్రికలో ప్రకటన వేస్తామన్నారు. ధర ఎంత వెయ్యమంటారని అడిగాను.

"మూడు వేల నూట పదహార్లు."

"పన్నుతో కలిపితే ఎంతవుతుందండీ?"

"పన్ను ఎందుకబ్బా నీకు? పన్ను గవర్మెంటుది. రేటు నాది. నా కొట్టు పేరు కింద గవర్మెంటు అంకె నేనెందుకు ఏస్తా?"

"అది కాదండీ, కొనేవాళ్లు కట్టేది మొత్తమే కదా."

"తంబీ, ఈ మాట విను. ఎదురు కొట్టోడు రెండు వేల తొమ్మిదొందల చిల్లర ఏసి, పన్ను అదనం అని పెడతాడు. నేను ఒక్కణ్ణి పన్ను కలిపి ఏస్తే నేనే రేటు ఎక్కువోణ్ణనే అనుకుంటారు. ఇంగ ఇంగొకటి. మనం పెండ్లికి ఏం సదివిస్తాం? నూట పదహార్లు. బాపనాయనకి ఏం ఇస్తాం? నూట పదహార్లు. ఆడబిడ్డ ఇంట్లోకి పోయే రాయి అది. మంచి అంకెతో పోవాల. పన్ను కలిపితే ఏమవతాది?"

కలిపితే మూడు వేల నాలుగు వందల తొంభై అవుతుందని ఆయన దగ్గర లెక్కలు రాసే పిళ్లైగారు వెనక నుంచి చెప్పారు.

"సున్నాతో ముగిసే రేటు! దాన్ని పేపర్లో ఏస్తే మా నాయన సమాధిలోంచి లేసొస్తాడు."

ఆయన వాదనలో తప్పెక్కడుందో నాకు దొరకలేదు. మా ఆర్టిస్టు మూడు వేల నూట పదహార్లను అరచెయ్యంత వేశాడు. పక్కన చుక్క. అడుగున నా చీమ తలకాయలు.

అంకెకు భాష అక్కర్లేదు

చింతాద్రిపేటలో, కూవం నది మురుగు గాలి నేరుగా తగిలే ఒక సందులో పది తెలుగిళ్లున్నాయి. ఆ ఇళ్లవాళ్లు అక్కడ ఎన్ని తరాలుగా ఉన్నారో వాళ్లకే తెలియదు. వాళ్లంతా మాట్లాడేది తెలుగు. పిల్లలు చదివేది తమిళం. పెద్దవాళ్లు ఏదీ చదవరు. సందు మూలన టీకొట్టులో మాత్రం ఇద్దరు ముసలివాళ్ల కోసం తెలుగు పేపరు తెప్పిస్తారు.

ఆ సందులో మునెమ్మ అని ఒకావిడ. కార్పొరేషన్ స్కూల్లో ఆయా. సందులో ఏ చందా వసూలు చెయ్యాలన్నా ఆమే. ఆడి నెలలో అమ్మవారికి కూళు పోస్తారు. రాగిపిండి అంబలి, పెద్ద అండాల్లో కాచి వచ్చినవాళ్లందరికీ పోస్తారు. ఆ డబ్బు పోగుచేసేదీ, గరిటె పట్టేదీ ఎన్నో ఏళ్లుగా మునెమ్మే. ఆ సందులో అంతకంటే పెద్ద పదవి లేదు.

పది ఇళ్లూ కలిసి ఒక గ్రైండర్ కొనుక్కుందామని, మునెమ్మ ఇంట్లో పెట్టుకుని వంతులవారీగా రుబ్బుకుందామని ఆ ఏడు అనుకున్నారు. టీకొట్టు పేపర్లో మా ప్రకటన కనిపించింది. ఎవరో చింపి, అందరూ నీళ్లు పట్టుకునే ప్లాస్టిక్ ట్యాంకుకి అన్నంమెతుకులతో అంటించారు. మూడు వేల నూట పదహార్లు అందరికీ కనిపించింది. అంకె చదవడానికి ఏ భాషా అక్కర్లేదు. షరతు చదవడానికి మాత్రం తెలుగు కావాలి, అది ఆ తెలుగువాళ్లకు రాదు. వచ్చినా లాభం లేదు. పత్రిక అచ్చులో నా చీమలన్నీ కలిసిపోయి ఒక సిరా మరక అయ్యాయి. ఆ కాగితం తర్వాత నా చేతికి వచ్చినప్పుడు నేను రాసింది నేనే చదవలేకపోయాను.

మునెమ్మ పది ఇళ్ల దగ్గరా సమానంగా వసూలు చేసి, ఆ అంకె మేరకు సరిగ్గా పట్టుకెళ్లింది. కొట్లో బిల్లు మూడు వేల నాలుగు వందల తొంభై అయింది. తక్కువైంది తన జీతంలోంచి వేసి గ్రైండరు తెచ్చింది. తర్వాత ఇంటింటికీ వెళ్లి మిగతా వాటా అడిగింది.

అందరూ ట్యాంకు వైపు చూపించారు.

ఇది రాసింది నువ్వేనా

ఒక గురువారం మధ్యాహ్నం మా ఆఫీసుకి ఇద్దరాడవాళ్లు మెట్లెక్కి వచ్చారు. ముందు మునెమ్మ, చేతిలో ట్యాంకు నుంచి ఊడదీసిన ప్రకటన, ఇంకా మెతుకులు అంటుకునే ఉన్నాయి. వెనక ఆమె ఎదురింటి రాణెమ్మ. ఆమె వచ్చింది స్నేహానికి కాదు, సాక్ష్యానికి. కొట్లో అడిగితే "పేపర్లో రాసేది మేం కాదు, మౌంట్ రోడ్డు కంపెనీ" అని మా కార్డు ఇచ్చి పంపారట.

"ఇది రాసింది నువ్వేనా అబ్బయా?" అంది మునెమ్మ.

అప్పటిదాకా నేను రాసినదాన్ని పట్టుకుని ఎవరూ నన్ను వెతుక్కుంటూ రాలేదు. ఒక్క క్షణం గర్వంగా కూడా అనిపించింది. అవునన్నాను.

"ఎంత రాసినావు?"

"మూడు వేల నూట పదహార్లు."

"వింటివా రాణీ? నేను చెప్పింది అబద్దమా?"

"అదే గదక్కా మేమూ చెప్తా ఉండేది!" అంది రాణెమ్మ. "పేపర్లో అంత ఉంటే నువ్వు అంత ఎక్కువ ఎందుకు అడగతా ఉండావని?"

అప్పుడు అర్థమైంది, నేను మునెమ్మకు సాయం చేయబోయి ఆమెనే ముంచేశానని. గబగబా సిరా మరక చూపించి, "ఇక్కడ పన్నులు అదనం అని ఉందమ్మా," అన్నాను.

ఇద్దరూ మరక మీదికి వంగారు. రాణెమ్మ గోటితో గీకింది కూడా. "ఈడ ఏముండాది? దోమని చంపినట్టు ఉండాది."

మా బాసు ఆదుకోవడానికి వచ్చారు. "అమ్మా, లోకల్ టాక్స్ ఎక్స్‌ట్రా మా. లోకల్, లోకల్."

"మేం లోకలే గదయ్యా," అంది రాణెమ్మ. "చింతాద్రిపేట. బయటోళ్ల దగ్గిర తీసుకోండి అదనం."

ఆ తర్వాత మా బాసు పన్ను గురించి వివరించారు. అమ్మకం పన్ను, దాని మీద సర్‌చార్జి, పన్ను మీద పన్ను. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, నా వైపు చూసి, "సర్‌చార్జి రేటు మీదనా, టాక్సు మీదనా?" అని తమిళంలో అడిగారు. నాకు తెలియదన్నాను. ఆడవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఒక్క నిమిషం మాత్రం వాళ్లిద్దరూ ఒక పక్షం.

మునెమ్మ కుర్చీలో కూర్చుంది. అరవలేదు. "అబ్బయా, లెక్కలు నాకొద్దు. వచ్చే ఆదివారం మా సందులో అమ్మోరికి కూళు పోస్తారు. పద్దెనిమిదేండ్లుగా దుడ్డు నా చేతికే ఇస్తా ఉండారు. ఈ తూరి ఇవ్వలేదు. దీని చేతికి ఇస్తామంటా ఉండారు." రాణెమ్మ కిటికీ బయటికి చూసింది. "కొట్టోడూ నేనూ కలిసి తిన్నామంట. నా మొగుడే అడిగినాడు, నిజమేనా అని. పేపర్లో తప్పొచ్చింది. పేపర్లోనే సరి చెయ్యి. ఆ ట్యాంకుకే అంటిస్తా."

మా బాసు చేతులు జోడించారు. పత్రికలో స్థలం కొనేది మేం కాదు, నాయుడుగారు. ఆయన ఒప్పుకోవాలి.

"శెరి," అంది మునెమ్మ లేస్తూ. "రేపు ఆ కొట్టుకే పోతా. రాయితో సహా."

ఆడి శుక్రవారం

రాయితో సహా అంటే ఏమిటో మా బాసుకి తట్టలేదు. నాకు తట్టింది, మా అమ్మమ్మ పుణ్యమా అని. ఇంటికి చేరి, పసుపు కుంకుమ పెట్టించుకుని, ఒకసారి పిండి రుబ్బిన రాయి మళ్లీ గడప దాటి వెనక్కి పోకూడదు. పంపిన ఇంటికి మంచిది కాదు, తీసుకున్న ఇంటికి అసలే మంచిది కాదు. పైగా మర్నాడు ఆడి శుక్రవారం, అమ్మవారి రోజు.

మర్నాడు నేను జార్జి టౌన్ చేరేసరికి, కొట్టు ముందు మూడు చక్రాల బండి నిలబడి ఉంది. దాని మీద గ్రైండరు, గ్రైండరుకి పసుపు, పసుపు మీద కుంకుమ. పక్కన మునెమ్మ. రాణెమ్మ కూడా వచ్చింది, ఏం జరుగుతుందో చూడకపోతే ఆమెకు ఆ పూట అన్నం సయించదు కాబట్టి. వెనక నాలుగు చేతిబండ్లు ఆగిపోయాయి. వీధంతా ఒక మహాయుద్ధం కోసం ఎదురుచూస్తోంది. నిజానికి జరుగుతున్నది ఏమిటంటే, ఒక నాయుడుగారు గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డారు, అంతే.

"లోపలికి తేవద్దు! రాయి దించావంటే చూడు!"

"నా సందులో నన్ను దొంగంటా ఉండారు నాయుడన్నా. నాకీ రాయొద్దు."

"శుక్రవారం పూట, దీపం పెట్టినాక, రుబ్బిన రాయి నా గడప ఎక్కిస్తావా? నీకు నేనేం అన్యాయం చేసినా తల్లీ? బిల్లులో ఒక్క పైసా ఎక్కువ తీసుకున్నానా?"

"తీసుకోలా."

"ఇంగేంది?"

"తక్కువ రాసినావు."

నాయుడుగారు నా వైపు తిరిగారు. "ఏం తంబీ, రాసింది నువ్వు. నిలబడి చూస్తా ఉండావే?"

నేను నిలబడి చూడటం లేదు, చేతిబండికీ చేతిబండికీ మధ్య ఇరుక్కుని ఉన్నాను. అక్కడి నుంచే చెప్పాను. ఈ ఆదివారం పేపర్లో మళ్లీ ప్రకటన వేద్దాం, అన్ని పన్నులూ కలిపిన ఒకే ధరతో. అది ట్యాంకుకి అంటిస్తే ఆమె పేరు బాగుపడుతుంది, రాయి ఇంటికి పోతుంది.

"ఆదివారం పేపరుకి సాయంత్రం లోపల పంపాలి కదా," అన్నారు పిళ్లైగారు లోపలి నుంచి.

"అవును."

నాయుడుగారు రాయి వైపు చూశారు, వీధి వైపు చూశారు, ఎదురు కొట్టు మెట్ల మీద నిలబడి నవ్వుతున్న ఎదురు కొట్టువాడి వైపు చూశారు. "శెరి, ఏస్తా," అన్నారు. "సున్నా మాత్రం ఏసేది లేదు."

ఆ సాయంత్రం కుదిరిన ధర

అందరం కొట్టు అరుగు మీద కూర్చున్నాం. గ్రైండరు మాత్రం బండి మీదే ఉంది, జామీను లేని ఖైదీలా.

ముందు మొత్తం ఎంతో తేల్చాలి. పిళ్లైగారు మూడు వేల నాలుగు వందల తొంభై అన్నారు. నేను లెక్కేస్తే ఇంకో పాతిక ఎక్కువొచ్చింది. మా బాసుకి ఫోన్ చేస్తే ఆయనకి నలభై తక్కువొచ్చింది. ఒకే వస్తువు, ఒకే పన్ను, ముగ్గురం చదువుకున్నవాళ్లం. మునెమ్మ వింటోంది. ఆమె సందులో ఆమెను పట్టుకుని ఎందుకు లెక్క తప్పిందని అడుగుతున్నారని గుర్తొచ్చింది, చాలా ఇబ్బందిగా అనిపించింది. చివరికి బిల్లు కట్టింది ఎంతయితే అంతే నిజమని పిళ్లైగారి లెక్కే ఖాయం చేశాం.

తొంభై అంటే సున్నా. ఒక రూపాయి కలిపి తొంభై ఒకటి చేద్దామన్నాను. నాయుడుగారు వేళ్ల మీద కూడి, ముఖం మాడ్చుకున్నారు. "మూడు, నాలుగు, తొమ్మిది, ఒకటి. పదిహేడు. ఒకటీ ఏడూ ఎనిమిది. శనీశ్వరుడు."

ఈ ఊళ్లో ఎనిమిదంటే ఎంత భయమో తెలిసినవాణ్ణి కాబట్టి ఆ రూపాయి వెనక్కి తీసుకున్నాను.

"మూడు వేల నాలుగొందల పదహార్లు ఏసెయ్ నాయుడన్నా," అంది రాణెమ్మ. తనకేమీ సంబంధం లేదన్నట్టు ఉంటూనే.

"డెబ్బై నాలుగు రూపాయలు నువ్వు ఇస్తావా?"

"నేనెందుకిస్తా?"

"అప్పుడింగ మూడు వేల అయిదొందల పదహార్లు." మళ్లీ వేళ్లు ముడిచారు. "ఆరు. శుక్రుడు. ఈరోజు శుక్రవారం. చూసినావా, అమ్మోరే పలికించింది."

అమ్మవారు పలికించిన ధరలో ఆయనకు అసలు మొత్తం కంటే ఇరవై ఆరు రూపాయలు ఎక్కువ వస్తోందని పిళ్లైగారు సన్నగా దగ్గారు. ఎవరూ వినిపించుకోలేదు.

ప్రకటన నేనక్కడే రాశాను. మూడు వేల ఐదు వందల పదహార్లు. కింద అంతే లావు అక్షరాల్లో, "అన్ని పన్నులూ ఇందులోనే. పైన ఒక్క పైసా లేదు." ఆ కిందే అదే మాట తమిళంలో. ఫోన్లో మా బాసుకి చదివి వినిపించాను. తెలుగు పేపర్లో తమిళమా అన్నారు. చదివేది తెలుగువాళ్లే సార్, అందుకే అన్నాను. వక్కపలుకు నమిలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత సరేనన్నారు.

పిల్లలకు రెండు ముక్కలు

ఇక్కడ ఆపి నా అభిప్రాయం చెప్పేస్తాను, తర్వాత చెబితే ఎవరూ చదవరు.

ఈ కథలో మోసగాడు లేడు. నాయుడుగారు తీసుకున్న పన్ను ప్రభుత్వానికే కట్టారు. మా బాసు లోకరీతి పాటించారు. నేను నాకు చెప్పింది రాశాను. అందరం నిజమే చెప్పాం, చూపు ఆననంత చిన్నగా. దాని బరువు మాత్రం మాలో ఎవరి మీదా పడలేదు. కూవం ఒడ్డున ఒక ఆయామ్మ మీద పడింది, ఆమె మొగుడే ఆమెను అనుమానంగా అడిగాడు. ప్రకటన చూసి మనిషి కొట్టుకి వస్తాడని మనం అనుకుంటాం. ముందు ఇంట్లో చెబుతాడు, పక్కింట్లో చెబుతాడు, అప్పు అడిగేచోట చెబుతాడు. మనం వేసిన అంకెకి వాళ్ల మాట పూచీ పడుతుంది. అందుకని, కొనేవాడి జేబులోంచి ఎంత పోతుందో అదే ధర. మిగతావన్నీ మన సొంత గొడవలు.

అయితే నిజాయితీ ధర వేసినందుకు వ్యాపారం పొంగిపొర్లిందని రాస్తే బాగుంటుంది, జరగలేదు. పన్నులన్నీ కలిపేశాం అంటే జనం నమ్మలేదు. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లూ "శెరి, పైన ఎంత?" అనే అడిగారట. ఏమీ లేదంటే, ఏదో ఉందని గట్టిగా అనుమానించారట. ఒకాయన, పైన ఏమీ లేకపోతే వస్తువులోనే ఏదో లోపం ఉందని వెళ్లిపోయాడట. నాయుడుగారు ఫోన్ చేసి తిట్టారు. అయినా తర్వాత ప్రకటనల్లో కూడా పన్ను కలిపే వేశారు. ఎందుకని అడిగితే, "ఇంగొక రాయి వెనక్కి రాకూడదు," అన్నారు.

ట్యాంకు దగ్గర

ఆదివారం పొద్దున పేపరు పట్టుకుని నేనే చింతాద్రిపేట వెళ్లాను. బాధ్యత అనుకోకండి, అంబలి పోస్తారని తెలుసు.

మునెమ్మ ట్యాంకు దగ్గర బిందె లేకుండా నిలబడి ఉంది. ఆ సందులో బిందె లేకుండా ట్యాంకు దగ్గర నిలబడ్డ మనిషిని అందరూ చూస్తారు. రాణెమ్మ కూతురు, పదో తరగతి పిల్ల, ప్రకటన అంటించి తమిళం గట్టిగా చదివింది. అన్ని పన్నులూ ఇందులోనే, పైన ఒక్క పైసా లేదు.

మునెమ్మ జాకెట్లోంచి బిల్లు తీసి, మడత విప్పి, ప్రకటన పక్కన పెట్టి పట్టుకుంది. అందరూ ఈ కాగితం చూశారు, ఆ కాగితం చూశారు. నేనూ చూశాను. రెండు అంకెలూ ఒకటి కాదు! అరుగు మీద ఎంత తెలివిగా కూర్చుని కుదిర్చినా, ఆ ఒక్క సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

"పేపర్లో మూడు వేల ఐదొందల పదహార్లు ఉండాది," అంది ఒకామె నెమ్మదిగా. "అక్క బిల్లు మూడు వేల నాలుగొందల తొంభై."

"అంటే?"

"అంటే అక్క మనకి ఇరవై ఆరు రూపాయలు మిగిలిచ్చిందిమే!"

సందులో ఒక కలకలం. ఎవరో కొంగు ముడి విప్పారు, ఎవరో పోపులడబ్బా కోసం లోపలికి పరిగెత్తారు. చూస్తుండగానే మిగతా వాటాలన్నీ మునెమ్మ చేతిలో పడ్డాయి. రాణెమ్మ నడుం మీద నుంచి చిన్న గుడ్డసంచీ తీసింది. కూళు చందా. మునెమ్మ చేతిలో పెట్టింది. తిరిగి రెండడుగులు వేసి, ఆగింది.

"అయినా పేపరు రేటు కంటే తక్కువకి ఈమెకి ఎట్ట ఇచ్చినాడు ఆ నాయుడు?" అంది ట్యాంకుతో. "ఏదో ఉండాది."

మునెమ్మ నవ్విన నవ్వుకి పక్క సందులో కుక్క మొరిగింది.

మధ్యాహ్నం అమ్మవారి పందిట్లో గరిటె ఆమె చేతిలోనే ఉంది. వరసలో నా వంతు వచ్చింది. లోటా నిండా పోసింది.

"అబ్బయా, మొన్న నేను దొంగని. ఈరోజు నేను బేరం తెలిసినదాన్ని. కొన్నది ఒక్క రాయే గదా. అసలు రేటు ఎంత దానిది?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. మూడు అంకెలు వరసగా తలలోకి వచ్చాయి, మూడూ కాగితం మీద చూసినవే.

"నాకూ తెలీదు పెద్దమ్మా," అన్నాను.

"అట్టనా," అంది, ఆశ్చర్యపోకుండా. వెనక వరస తోస్తోంది. నేను కదలబోతూ, "దీనికి పన్నులు అదనమా?" అని అడిగాను.

"ఉల్లిగడ్డలు అదనం," అంది మునెమ్మ. నా ఎడమచెయ్యి లాగి, అంబలిలో నంజుకునే చిన్న ఉల్లిపాయలు గుప్పెడు పోసి, మూసింది.